తెర మీద మన ముత్తాతల పల్లె

మన పండుగ సభలలో పిల్లలు సినిమా పాటకు నాట్యం చేస్తుంటే పెద్దలమందరం ముచ్చటపడతాం. అయితే సినిమా అంటే ఆటపాటలు మాత్రమే కాదు. మలేషియాలో కొన్ని తరాలుగా స్థిరపడిన మన కుటుంబాలకు పాత తెలుగు నాటకాలతోను, చిత్రాలతోను మరొక అవసరం ఉన్నది. మన పెద్దలు ఏ పరిస్థితులలో ఊరు విడిచారో తెలిపే కాగితాలు మనలో చాలామంది ఇళ్లలో లేవు. ఆ లోటును కొంతవరకు తీర్చగల సాక్ష్యం ఆ కళలలో దొరుకుతుంది.

మన పూర్వులలో ఎక్కువమంది నాటి విశాఖపట్నం, గంజాం జిల్లాల నుండి కంగాణీల వెంట రబ్బరు, కొబ్బరి తోటలకు వచ్చినవారు. నేటి శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలు వాటిలోనివే. అక్కడ చాలా గ్రామాలు విజయనగరం, బొబ్బిలి మొదలైన జమీందారీల క్రింద ఉండేవి. పంట పోయినా శిస్తు తప్పదు. శిస్తు కోసం అప్పు, అప్పు తీరక భూమి పోవడం ఎందరికో అనుభవమే. అంటరానివారన్న పేరుతో ఊరి వెలుపల ఉంచిన వారికి గుడి తలుపులు కూడా మూసే ఉండేవి.

ఆ విజయనగరంలోనే 1892లో గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కం’ మొదటిసారి ప్రదర్శింపబడింది. డబ్బు పుచ్చుకొని పసిపిల్లలను ముసలివారికి కట్టబెట్టే దురాచారాన్ని ఆ నాటకం ఎండగట్టింది. గ్రాంథికాన్ని ప్రక్కకు పెట్టి, ఆ ప్రాంతపు జనం మాట్లాడుకునే తెలుగునే రంగస్థలం ఎక్కించింది. 1955లో అది చలనచిత్రంగా వచ్చింది. మన ఇళ్లలోని ముసలివారి యాసను చూసి నవ్వే పిల్లలకు ఈ సంగతి చెప్పవలసి ఉన్నది.

ప్రయాణానికి సహాయం చేసి కూలీలను మలయాకు పంపే పద్ధతిని భారత ప్రభుత్వం 1938లో ఆపివేసింది. ఆ సంవత్సరమే గూడవల్లి రామబ్రహ్మంగారి ‘మాలపిల్ల’ విడుదలయింది. చలంగారి కథ, తాపీ ధర్మారావుగారి మాటలు, కాంచనమాలగారి నటన. ఆలయ ప్రవేశాన్ని, కులాంతర ప్రేమను ఆ చిత్రం ధైర్యంగా చూపించింది. 1939లో ఆయనే తీసిన ‘రైతుబిడ్డ’లో బళ్లారి రాఘవగారు రైతు పాత్ర ధరించారు. జమీందారీ క్రింద నలిగిన రైతు గోడు చెప్పిన ఆ చిత్రాన్ని జమీందారులు వ్యతిరేకించారు. కొన్నిచోట్ల నిషేధించారు కూడా. విచిత్రమేమంటే, ఈ చిత్రాలు తీసిన సారథి సంస్థ వెనుక ఉన్నది చల్లపల్లి జమీందారుగారే!

అంటే మన ముత్తాతల పల్లె తెర మీదికి వచ్చేనాటికి వారిలో చాలామంది ఆ పల్లెలో లేరు. ఇక్కడి తోటలలో ఉన్నారు. 1943లో ఏర్పడిన ప్రజా నాట్యమండలి బుర్రకథను ఊరూరా వినిపిస్తూ జనాన్ని మేలుకొలిపినప్పుడూ వారు అక్కడ లేరు. 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీలు పోయేనాటికీ లేరు. ఇక్కడి తోటలలో తెర కట్టి చూపిన బొమ్మలలో తమిళానివే ఎక్కువ. తమ కథను తమ భాషలో చూసుకొనే భాగ్యం వారిలో ఎందరికో దక్కలేదు.

ఆ చిత్రాలే సంపూర్ణ చరిత్ర అని మేము అనడం లేదు. ‘రైతుబిడ్డ’ కథానాయకుడు కొద్దో గొప్పో భూమి ఉన్నవాడు. ఏమీ లేక ఓడ ఎక్కిన కూలివాని కథ, తోటలో పిల్లను చెట్టు క్రింద పడుకోబెట్టి రబ్బరు పాలు తీసిన తల్లి కథ వాటిలో లేవు. అవి చెప్పవలసినది మనమే.

కనుక తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటే. ఈ పండుగ సెలవులలో పిల్లలతో కలిసి ఒక పాత చిత్రం చూడండి. చూసిన తరువాత ఇంట్లోని తాతగారినో, అమ్మమ్మనో “మన ఊరు కూడా ఇలాగే ఉండేదా?” అని అడిగించండి. వారు చెప్పినది తేదీ వేసి వ్రాసి ఉంచండి. వచ్చే సంచికలో ఆ మాటలు అచ్చయితే, అంతకు మించిన కానుక ఈ సంఘానికి మరొకటి ఉండదు.