నారికురుపును తరిమిన పాఠం

నారికురుపుకు ఈనాటికీ టీకా లేదు, మందూ లేదు. ఒకసారి దీని బారిన పడ్డవాడికి మళ్లీ రాకుండా కాపాడే శక్తిని కూడా ఒళ్లు సంపాదించుకోదు. అలాంటి రోగం మన దేశం నుంచి పూర్తిగా పోయింది. 1983-84లో జాతీయ నిర్మూలన కార్యక్రమం మొదలైనప్పుడు ఏడు రాష్ట్రాల్లోని 89 జిల్లాల్లో, 12,840 గ్రామాల్లో దాదాపు 40 వేల మంది దీంతో బాధపడుతున్నారు. ఆ ఏడింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 1996 జూలైలో రాజస్థాన్‌లోని జోధ్‌పూర్ జిల్లాలో చివరి కేసు నమోదైంది. 2000 ఫిబ్రవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశాన్ని నారికురుపు లేని దేశంగా ధ్రువీకరించింది. ఆసుపత్రిలో ఇచ్చే ఏ చికిత్సకూ ఇందులో పెద్ద పాత్ర లేదు. ఊళ్లో మనుషులు నీళ్లు తెచ్చుకునే తీరు, తాగే తీరు మారడం వల్లనే ఇది సాధ్యమైంది. పల్లెల్లో ఆరోగ్య బోధన ఎప్పుడు పనిచేస్తుంది, ఎప్పుడు మాటగానే మిగిలిపోతుంది అన్న ప్రశ్నకు మన దగ్గరున్న గట్టి సాక్ష్యాల్లో ఇదొకటి.

ఈ రోగం గురించి చెప్పి నమ్మించడం ఎంత కష్టమో ముందు చూడాలి. కాలి మీద బొబ్బ లేస్తుంది, మంట పుడుతుంది. మంట చల్లారుతుందని రోగి కాలు నీళ్లలో పెడతాడు. దిగుడు బావి అయితే ఆ పని తప్పించుకోవడమే కుదరదు, బిందె ముంచాలంటే మెట్ల మీదుగా నీళ్లలోకి దిగాల్సిందే. నీరు తగలగానే పుండులోంచి ఆడ పురుగు వేల పిల్లలను వదులుతుంది. వాటిని సైక్లాప్స్ అనే నీటి జీవి మింగుతుంది, ఆ నీళ్లను మనిషి తాగుతాడు. తర్వాత దాదాపు ఏడాది పాటు ఏమీ తెలియదు. అప్పుడు రెండు మూడడుగుల పొడవున్న తెల్లటి దారం లాంటి పురుగు చర్మాన్ని చీల్చుకుని బయటికొస్తుంది. దాన్ని పుల్లకు చుట్టి రోజుకు కాస్త చొప్పున లాగాలి. తొందరపడితే తెగుతుంది, తెగితే లోపల చీము పడుతుంది. వారాల తరబడి మనిషి మంచం దిగలేడు. మన మెట్ట ప్రాంతాల్లో ఇది ఎక్కువగా ఎండాకాలం చివర, సరిగ్గా తొలకరి పనులు మొదలయ్యే వేళకే వచ్చేది. ఇంటిల్లిపాదీ నడవలేని స్థితిలో ఉంటే దుక్కి దున్నేదెవరు? పోయిన వేసవిలో తాగిన నీళ్లకూ ఈ వేసవి పుండుకూ ముడి పెట్టడం ఎంతటి తెలివైనవాడికైనా తేలిక కాదు. ఇది వేడి వల్ల వచ్చిందనో, ఏదో దోషమనో జనం అనుకున్నారంటే దాన్ని అజ్ఞానమని కొట్టిపారేయడం అన్యాయం. శాస్త్రవేత్తలకే సైక్లాప్స్ సంగతి తెలిసింది 1870లో, తుర్కిస్తాన్‌లో పనిచేస్తున్న ఫెద్‌చెంకో దాన్ని కనిపెట్టాక.

కారణం తెలిసినా శతాబ్దానికి పైగా రోగం మన పల్లెల్లో అలాగే ఉంది. మైసూరు సంస్థానంలోని చిత్రదుర్గ ప్రాంతంలో 1930ల్లోనే పరిశోధకుడు వి.ఎన్. మూర్తి దిగుడు బావుల్లో సైక్లాప్స్‌ను తినే చేపలను వదిలి చూశారు. కర్నూలు వైద్యులు తమ ప్రాంతంలో చేసిన పరిశోధన 1969లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో అచ్చయింది. కొరత విజ్ఞానానిది కాదు, అది గడప దాకా చేరకపోవడానిది. 1980ల్లో ఆ కొరత తీరింది. మశూచి నిర్మూలనలో నేర్చుకున్న పద్ధతినే ఇక్కడా వాడారు. ఆరోగ్య కార్యకర్తలు ఏడాదికి పలుమార్లు ఇంటింటికీ వెళ్లి రోగులను వెతికారు. పుండుకు కట్టు కట్టి, అది మానేదాకా నీళ్లలోకి దిగవద్దని చెప్పారు. తాగే నీళ్లను రెండు మడతల గుడ్డతో వడకట్టమన్నారు. సైక్లాప్స్‌ను చంపే టెమిఫాస్ మందును బావుల్లో కలిపారు. దిగుడు బావుల మెట్లు మూసి చేదబావులుగా మార్చారు, బోరింగులు వేశారు. ఇక్కడ ఒక చిన్న సంగతి గమనించదగ్గది. సైక్లాప్స్ మరీ కంటికి కనబడనంత చిన్నది కాదు. బావి నీళ్లు గాజు గ్లాసులో పోసి ఎండకు ఎత్తి పట్టుకుంటే తెల్లటి చుక్క ఎగిరెగిరి పడుతూ కనిపిస్తుంది. అదే నీటిని గుడ్డలో వడకట్టి మళ్లీ చూస్తే చుక్క ఉండదు. ఉపన్యాసం అక్కర్లేకుండా తన కంటితో తానే తేల్చుకోగలిగిన రుజువు ఇది. ఏడాది ఎడాన్ని దాటించి కారణాన్ని చూపగలిగేది ఇలాంటి రుజువే.

బోధన గొప్పతనమేముంది, బోరింగులు వేశారు కాబట్టే పోయిందని కొందరంటారు. వాళ్ల వాదనకు బలమైన ఆధారమే ఉంది. బుఖారా నగరంలో సోవియట్ ప్రభుత్వం నీటి కుంటలను ఎండగట్టి, 1930ల ఆరంభానికల్లా రోగాన్ని అంతం చేసింది. అయితే ఒక నగరంలో లెక్కపెట్టగలిగిన కుంటలు వేరు, వేలాది ఊళ్లలో చెల్లాచెదురుగా ఉన్న బావులు వేరు. బోరింగు చెడిపోతే జనం పాత బావికే వెళ్తారు. నీళ్లు ఉప్పగా ఉంటే తాగడానికి వేరే చోటు వెతుక్కుంటారు. చేలో కలుపు తీసే కూలి మనిషి మధ్యాహ్నం దాహానికి ఊళ్లోని బోరింగు దాకా నడిచి రాదు, పక్కనున్న బావిలో దోసిలి పడుతుంది. పుండున్న ఒక్కరు మెట్లు దిగితే చాలు, వచ్చే ఏడు మళ్లీ రోగులు తయారవుతారు. నీటి వసతి రోగాన్ని చాలావరకు తగ్గించగలదు. మిగిలిన చివరి గుప్పెడు కేసులను ఆపగలిగింది మాత్రం ఫలానా ఇంట్లో ఫలానా మనిషికి పురుగు కనబడిందని వెంటనే కబురందించి, ఆ మనిషిని నీళ్లకు దూరంగా ఉంచిన ఊరే.

రెండో ఆక్షేపణ ఇంకా లోతైనది, దాన్ని పూర్తిగా తోసిపుచ్చలేను. మంచినీళ్లు ఇవ్వాల్సిన ప్రభుత్వం ఇవ్వకుండా, గుడ్డ పెట్టి వడకట్టుకోమని పేదలకు చెప్పడం బాధ్యతను వాళ్ల నెత్తిన రుద్దడం కాదా? వడకట్టే పని ఆడవాళ్లదే అయింది. నీళ్లు మోసేదీ వాళ్లే కాబట్టి ఒక చాకిరీకి మరొకటి తోడైంది. ఊరి బావి దగ్గరికి రానివ్వని కులాల వాళ్లకు పరిశుభ్రత గురించి చెప్పడం మరీ ఘోరం. ఈ ఆక్షేపణ న్యాయమైనదే. కాకపోతే నారికురుపు విషయంలో బోధన ఒంటరిగా రాలేదు. చెప్పిన మనిషి వెనకే కట్టు కట్టే చెయ్యి, బావిలో కలిపే మందు, మెట్లు మూసే తాపీ మేస్త్రీ, బోరు యంత్రం వచ్చాయి. వడకట్టే గుడ్డ వీటన్నిటితో కలిసి పనిచేసింది. పైగా ఆ పని ఎవరి అనుమతీ అడగకుండా, పైసా అప్పు చేయకుండా ఆ రోజే మొదలుపెట్టగలిగినది.

ఈ చివరి మాట బరువెంతో తెలియాలంటే నల్లగొండ ఫ్లోరోసిస్ వైపు చూడాలి. నీళ్లలో ఫ్లోరైడ్ ఉన్న సంగతి అక్కడి జనానికి దశాబ్దాలుగా తెలుసు. వంగిన కాళ్లు, బిగుసుకుపోయిన వెన్ను రోజూ కళ్లెదుటే ఉన్నాయి, అవగాహనకు లోటు లేదు. కానీ ఫ్లోరైడ్ నీటిలో కరిగి ఉంటుంది. గుడ్డకు చిక్కదు, కాచినా పోదు. నారికురుపును తరమడానికి సాయపడిన లోతు బోరే ఫ్లోరైడ్ నేలల్లో విషపు నీళ్లను పైకి తెచ్చింది. నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ ‘నీరి’ పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని రూపొందించి దానికి నల్లగొండ పేరే పెట్టింది. రోజూ కొలతలు చూసి కలపడం, తేరేదాకా ఆగడం, అడుగున మిగిలిన మడ్డిని పారబోయడం కూలికి పోయే ఇల్లు ఎన్నాళ్లు చేయగలదు? అక్కడ ఆరోగ్య కార్యకర్త ఎంత బాగా చెప్పినా, వినే తల్లి చేతిలో చేయగలిగిన పని లేకపోయింది. ఆమెకు కావలసింది కృష్ణా నీళ్లు. అవి రావాల్సింది ప్రభుత్వం నుంచి.