లాస్ట్ మ్యాన్ స్టాండింగ్

అకిర కురొసావా దర్శకత్వమున 1961లో వెలువడిన 'యొజింబొ' అను జపాను చిత్రమునకు వాల్టర్ హిల్ 1996లో చేసిన అమెరికను పునర్నిర్మాణ మిది. మద్యనిషేధకాలమున, టెక్సస్ ఎడారిలోని జెరికో అను ఊరిని దొంగసారా వ్యాపారమునకై ఐరిష్, ఇటాలియను ముఠాలు పంచుకొని పోరాడుచుండగా, జాన్ స్మిత్ అని చెప్పుకొను ఒంటరి తుపాకివీరుడు (బ్రూస్ విల్లిస్) ఇరుపక్షములవద్దను సొమ్ము గైకొని, తుదకు ఉభయులను నాశన మొనర్చును. మూలమునందలి ఖడ్గమునకు మారుగా ఇతని రెండుచేతుల పిస్తోళ్లు నిప్పులు గ్రక్కును. గుండ్ల తాకిడికి మొదటి శత్రువు తలుపులను త్రోసికొని వీధిలో పడును. దర్శకుడు సెర్జియో లియోనె 1964లో ఈ కథనే తన చిత్రమునకు అనుమతి లేక గ్రహించి వ్యాజ్యమున చిక్కుకొనగా, హిల్ మూలరచయితల ఋణమును నామపట్టికలో ప్రకటించెను, అది ప్రశంసనీయము. ధూళిధూసరమైన ఛాయాగ్రహణమును, రై కూడర్ సంగీతమును మనోహరములే గాని, కురొసావా హాస్యము లోపించుటచే కథ మిక్కిలి బరువెక్కినది. చిత్రమునకు పెట్టుబడియైనను తిరిగి రాలేదు.