ముప్ఫై ఆరు గంటల డ్యూటీ

హౌస్ సర్జన్సీ రోజుల్లో వరసగా రెండు రాత్రులు మేలుకున్నామని మేము గొప్పగా చెప్పుకునేవాళ్ళం. డాక్టరు బతుకంటే అంతే కాబోలు అనుకున్నాం. ఐర్లండు వచ్చాక, యిక్కడి జూనియర్ డాక్టర్లు సరిగ్గా దానిమీదే వీధికెక్కారని తెలిసి ఆశ్చర్యపడ్డాం, కొంచెం సిగ్గుపడ్డాం కూడా.

వారానికి సగటున 48 గంటలకు మించి పని చేయించరాదన్న యూరపు నియమాన్ని శిక్షణలో వున్న డాక్టర్లకు 2004 ఆగస్టు నుంచి అంచెలంచెలుగా వర్తింపజేశారు. 2009 కల్లా 48కి దిగాలి. వార్డుల్లో మాత్రం 36 గంటల డ్యూటీలు సాగుతూనే వచ్చాయి. 2013 అక్టోబరు 8న ఐరిష్ మెడికల్ ఆర్గనైజేషన్ పిలుపు మీద ఒకరోజు సమ్మె జరిగింది. అత్యవసర వైద్యం ఆపలేదు. అడిగిందల్లా, ఒకేసారి 24 గంటలకు మించి వద్దని. (అదీ ఒక కోరికేనా అని మన పెద్దవాళ్ళు నవ్వుతారేమో!) ఐర్లండు మీద యూరపు కమిషన్ వేసిన దావాను యూరపు న్యాయస్థానం 2015 జూలైలో, రుజువు చాలలేదని కొట్టివేసింది.

వారానికి 55 గంటలు దాటితే పక్షవాతం ముప్పు 35 శాతం యెక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో లెక్కగట్టింది. ఐతే గంటలొక్కటే కాదు. 1967లో లండనులో మొదలైన వైట్‌హాల్ పరిశీలనలో, ప్రభుత్వ కార్యాలయాల బంట్రోతులు గుండెజబ్బుతో పోవడం పై అధికారులకంటే మూడు రెట్ల పైచిలుకని తేలింది. సిగరెట్లూ రక్తపోటూ లెక్కలో కలుపుకున్నా ఆ తేడా పూర్తిగా చెరగలేదు. 1979లో అమెరికాలో రాబర్ట్ కరాసెక్ అన్నది యిది: పని బరువెక్కువై, దానిమీద మన మాట చెల్లుబడి తక్కువైన చోట మనిషి నలుగుతాడు.

యిది మనవాళ్ళకు బాగా తెలుసు. డాక్టర్లు చాలక 2011లో యిక్కడి ఆరోగ్య సేవా సంస్థ ఇండియాకూ, పాకిస్తానుకూ వెళ్ళి మనుషుల్ని తెచ్చుకుంది, అందుకోసం చట్టం కూడా మార్చారు. జనవరిలోనో జూలైలోనో వూరు మారాలి, యిల్లు వెతకాలి, పిల్లల బడి మార్చాలి. రోటా యెవరో వేస్తారు. వీసా గుర్తొచ్చి నోరు మెదపం.

ఒకసారి అలాంటి డ్యూటీ దిగి వస్తూ యెర్రదీపం దగ్గర స్టీరింగు మీదే నిద్రపోయాం. వెనక లారీ హారను లేపింది. యింట్లో చెప్పలేదు. ఆ వారం చేసిన గంటలు కూడా కాగితం మీద తగ్గించే రాసి సంతకం పెట్టాం. తర్వాత, రుజువు చాలలేదన్న న్యాయస్థానం మాట చదివినప్పుడు ముందు గుర్తొచ్చింది ఆ కాగితమే.