పాత యూనిక్సు డిస్కును చదువుట

మూలపడిన కంప్యూటరు నుండి విడదీసిన హార్డు డిస్కులో ఒక సంస్థ చిట్టాలు గాని, ఒక పరిశోధకుని బహుకాలపు కృషి గాని నిలిచి యుండవచ్చును. డిస్కు చెడిపోలేదు. అయినను దానిని నేటి కంప్యూటరునకు తగిలించినచో, అందేమియు లేనట్లే కనిపించును. దీనికి కారణము యూనిక్సు చరిత్రలో నున్నది.

యూనిక్సును 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థామ్సన్, డెన్నిస్ రిచీ ప్రారంభించినారు. 1973లో దాని కేంద్రభాగమును సీ భాషలో తిరిగి వ్రాసినందున, అది కాలక్రమమున అనేక యంత్రములకు తరలిపోగలిగినది. విశ్వవిద్యాలయములు, వ్యాపారసంస్థలు దానిని తమకు తగినట్లు మార్చుకొన్నవి. తొలి యూనిక్సు డిస్కుపై ఫైళ్ళను 512 బైట్ల ముక్కలుగా అమర్చెడిది. 1983లో వెలువడిన బర్క్లీ యూనిక్సు 4.2 ఆ ముక్కను కనీసము 4,096 బైట్లకు పెంచి, అమరికనే మార్చివేసినది. పైగా ఒక పెద్ద సంఖ్యను కొన్ని యంత్రములు పెద్ద స్థానము మొదలుకొనియు, కొన్ని చిన్న స్థానము మొదలుకొనియు వ్రాసెడివి. ఈ విధముగా ఒకే భాషకు పలు లిపులు ఏర్పడినట్లయినది.

1991లో ఫిన్లాండు దేశపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లినక్సు, యూనిక్సు పద్ధతిలో క్రొత్తగా వ్రాయబడినది. ప్రపంచము నలుమూలల నుండి చేరిన ప్రోగ్రామర్లు, సిస్టమ్ ఫైవ్, జెనిక్సు, సన్, బర్క్లీ అమరికలను చదువగల భాగములను దానికి సమకూర్చినారు. అందుచేతనే పాత డిస్కులకు లినక్సు మంచి దుబాసీ అయినది.

చదువు పద్ధతిలో ఒక క్రమము కలదు. శిథిలమైన తాళపత్రమునకు మొదట ఉన్నదున్నట్లు ప్రతి వ్రాసికొందురు. పాఠపరిష్కారము తరువాతి పని. డిస్కు విషయమును అంతే. డీడీరెస్క్యూ అను సాధనము ముందుగా సులభముగా చదువబడు భాగములను గ్రహించి, చెడిన చోట్లను గుర్తు పెట్టుకొని, తరువాత వాటి వద్దకు తిరిగి వచ్చును. ప్రతి సిద్ధమైన పిదప మూలమును ప్రక్కన భద్రపరచి, ప్రతిని మాత్రమే, అదియు మార్పులకు వీలులేని రీతిని, తెరువవలెను. అది ఏ శాఖ యూనిక్సో లినక్సుకు మనమే చెప్పవలసి వచ్చుటయు కలదు.

ఈ క్రమము విలువను 2025 చాటినది. యూటా విశ్వవిద్యాలయములో యూనిక్సు నాలుగవ కూర్పు టేపు దొరకినది. కేంద్రభాగము సీ భాషలో వెలువడిన తొలి కూర్పు అదియే. అంతకు మున్ను దాని కరదీపికయు, కొంత భాగమును మాత్రమే మిగిలి యుండెను. డిసెంబరులో కాలిఫోర్నియాలోని కంప్యూటరు చరిత్ర మ్యూజియమున, టేపులోని అయస్కాంత సంకేతములను మొదట యథాతథముగా నమోదు చేసి, పిమ్మట ప్రోగ్రాముతో వాటిని అక్షరములుగా విడదీసినారు. అర్ధశతాబ్ది దాటిన పాఠము బయటపడినది.

ఆ సంవత్సరముననే మరియొక సంగతి జరిగినది. మే నెలలో వెలువడిన లినక్సు 6.15లో, సిస్టమ్ ఫైవ్ డిస్కులను చదువు భాగమును తొలగించినారు. చిరకాలముగా దానిని వాడువారు లేరని తేలుటయే కారణము. ప్రాత లిపి చదువగలవారు తగ్గినకొలది శాసనము మూగబోవును. ఇట్టి డిస్కు ఇంటనో, కార్యాలయముననో ఉన్నవారు, అది తిరుగుచుండగనే ప్రతి తీసికొని, దానిని చదువగల పాత లినక్సును సయితము దాని ప్రక్కనే దాచుట మంచిది.