సానరాయి చరిత్రము



కత్తిపీట మొద్దువాఱిన దినమున గృహిణి పడు శ్రమను పురుషు లంతగా గమనింపరు. బలము పెట్టి నొక్కినకొలది కాయ జాఱును. కాయతోబాటు చేయియు జాఱును. వాడికత్తికంటె మొద్దుకత్తియే కీడని పెద్ద లనుట యిందువలననే. ఇంట సులభముగా వాడి పెట్టు విధ మెయ్యది యను ప్రశ్న చిన్నదిగా దోచినను, దాని యుత్తరము మిక్కిలి ప్రాచీనమైనది.

బళ్లారి చెంత సంగనకల్లు కొండలయందు సుమారు 4000 ఏండ్లకు పూర్వము వసించిన జనులు నల్లరాతిని చెక్కి గొడ్డండ్లు చేసికొనిరి. చెక్కుటతో పని ముగియలేదు. గట్టి బండలపై నొరసి యొరసి యంచు తీర్చిరి. ఆ యొరపిడి గాడులు నేటికిని బండలపై గానవచ్చును. అంచును రెండువైపుల సమముగా నరుగదీయుటయే వాడి యను మర్మము ఇను మెఱుగని కాలముననే తెలిసియుండెను.

పిమ్మట ఇనుము, ఉక్కు వచ్చెను. నిజామాబాదు మండలమందలి కోనసముద్రమున మూసలలో దీసిన యుక్కునకై పారసీక వర్తకులు వచ్చుచుండిరని వాయిసీ యను నాంగ్లేయుడు వ్రాసిన వ్యాసము 1832లో నచ్చుపడెను. అట్టి యుక్కును త్వరగా నరుగదీయుటకు దానికంటె గట్టి రాయి కావలెను. కురువిందము అట్టిది. కాఠిన్యమున వజ్రము 10 అయిన నిది 9. మన యనంతపురము సీమలోను లభించును. దాని పొడిని లక్కతో గలిపి చక్రముగా జేసి సానవారు త్రిప్పుచుండిరి. 1891లో అమెరికాలో అచెసన్ అను నతడు విద్యుత్తు కొలిమిలో అంతకంటెను గట్టిదగు కార్బొరండమును సృష్టించెను. అంగళ్లలోని సానరాళ్లు పెక్కు దానితో జేసినవే.

ఇక గృహస్థు డేది గ్రహింపవలెను? చక్రము వడిగలదే. కాని పొడిగా త్రిప్పినచో అంచు వేడెక్కి నీలివన్నె దాల్చును. అంతట నుక్కు మెత్తబడి వాడి నిలువదు. కావున ఒకవైపు గరుకు, వేఱొకవైపు నునుపు గల రాయియే యింటికి మేలు. రాయిని నీట దడిపి, కత్తిని దానిపై సుమారు 20 డిగ్రీల వాలున నుంచి, ఆ వాలు మాఱకుండ గరుకువైపున రెండు ప్రక్కల నొరసి, నునుపువైపున ముగింపవలెను. కత్తిపీట కత్తి కదలదు గనుక రాయినే దానిపై నడపవలెను. వ్రేళ్లు మాత్రము అంచునకు దూరముగా నుండవలెను. రాయి లేనినాడు ఊఱగాయజాడీని బోర్లించి, అడుగున మెఱుగుపూత లేని యంచుపై చాకును నాలుగు మాఱు లొరసినను ఆ పూటకు పని జరుగును.

సానవాడు గ్రామమునకు వచ్చుట అరుదైనది. ఈ విద్య యింట నిలువకున్నచో, మంచి యుక్కును మొద్దువాఱినదని పారవైచి క్రొత్తకత్తి కొనుటయే మిగులును. పది నిముషముల పని యిది. మీ మనుమలను చెంత గూర్చుండబెట్టుకొని నేర్పుడు.