తుపానొస్తే బుజ్జిని ఏం చేద్దాం?

2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటుతుందని టీవీలో చెబుతుంటే, మా ఇంట్లో బట్టలు సర్దుకోవడం కంటే ముందే ఒక గొడవ మొదలైంది. బుజ్జిని ఏం చేద్దాం? బుజ్జి అంటే మా కుక్క. జాతి కుక్కేమీ కాదు. వానలో వణుకుతుంటే మా అబ్బాయి ఒళ్లో పెట్టుకుని తెచ్చిన వీధికుక్క పిల్ల.

"వెళ్లేది మీ చెల్లెలి ఇంటికి. రెండు రోజులకి సరిపడా అన్నం పెట్టి వరండాలో కట్టేసి వెళ్దాం" అన్నారు మావారు. మా అబ్బాయి ఏడుపు లంకించుకున్నాడు. నేను ఎటూ చెప్పలేకపోయాను. అప్పటిదాకా మాట్లాడకుండా కూర్చున్న మా అత్తగారు "ఏం చేసినా సరే, కట్టేసి మాత్రం వెళ్లకురా" అన్నారు.

ఆవిడ పుట్టిల్లు దివిసీమ. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పటికి ఆవిడకింకా పెళ్లి కాలేదు. ఆ ఉప్పెనలో 10,000 మందికి పైగా పోయారు. పశువులైతే లక్షల్లో పోయాయి. వాళ్ల గేదెలు రెండూ కొట్టంలో గుంజకి కట్టినవి కట్టినట్టే ఉన్నాయట. "పలుపు విప్పి ఉంటే ఈదుకుంటూ ఏ గట్టుకో చేరేవేమో" అని ఇప్పటికీ అంటారు. అంత పెద్ద నీళ్లొస్తాయని ఆ రోజు చెప్పినవాళ్లెవరూ లేరు. మనకిప్పుడు నాలుగు రోజుల ముందే తెలుస్తోంది కదా.

చివరికి బుజ్జి మాతోపాటే ఆటోలో వచ్చింది. కానీ మావారి మాట నా మనసులో ఉండిపోయింది. "ముందు మనుషులు, తర్వాతే కుక్కలు" అన్నారాయన. అది తప్పని ఎలా అంటాం? ఇలాంటి సమయాల్లో వేరే దేశాలవాళ్లు ఏం చేశారో అని చదవడం మొదలుపెట్టాను.

మొదట చదివింది లండన్ గురించి. 1939లో యుద్ధం తప్పదని తేలినప్పుడు, జంతువులున్న ఇళ్లవాళ్ల కోసం అక్కడ ఒక కరపత్రం వేశారు. వీలైతే వాటిని ముందుగానే పల్లెలకి పంపండి, ఎవరికీ అప్పగించలేకపోతే నొప్పి తెలియకుండా చంపించడమే దయ అని దాని సారాంశం. బాంబుల నుంచి తలదాచుకునే ప్రభుత్వ షెల్టర్లలోకి కుక్కల్ని రానివ్వరు. సెప్టెంబరు 3న యుద్ధం ప్రకటించారు. ఆ ఒక్క వారంలో లండన్‌లోనే దాదాపు 4,00,000 కుక్కల్నీ పిల్లుల్నీ వాటి యజమానులే తీసుకెళ్లి చంపించారని చరిత్రకారుల లెక్క. లండన్ మీద భారీగా బాంబులు పడటం మొదలైంది మాత్రం 1940 సెప్టెంబరులో. అంటే సరిగ్గా ఏడాది తర్వాత! ఆ ఏడాదంతా ఖాళీ గొలుసు చూసుకుంటూ ఉన్న ఇల్లాళ్లు ఎంతమందో అనిపించింది నాకు.

రెండోది అమెరికా కథ. 2005 ఆగస్టు 29న కత్రినా తుపాను వచ్చింది. న్యూ ఆర్లీన్స్ నగరం చాలావరకు మునిగిపోయింది. జనాన్ని తరలించే బస్సుల్లో కుక్కలకి చోటు లేదన్నారు. ఒక చిన్న బాబు చేతిలోంచి పోలీసులు తెల్ల కుక్కపిల్లని తీసేసుకుంటే, వాడు దాని పేరు పిలుస్తూ వాంతయ్యేదాకా ఏడ్చాడని పత్రికల్లో వచ్చింది. దాని పేరు స్నోబాల్. ఆ వార్త చదివి దేశమంతా కదిలిపోయింది.

అయితే నన్ను ఆలోచింపజేసింది కన్నీళ్లు కాదు, ఒక అంకె. తర్వాత ఫ్రిట్జ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు చేయించిన సర్వేలో, ఇల్లు వదిలి వెళ్లనివాళ్లలో 44 శాతం మంది పెంపుడు జంతువుని వదల్లేకపోవడం కూడా ఒక కారణమని చెప్పారు. అంటే కుక్కకి చోటు లేదంటే కుక్క ఒక్కటే ఆగిపోదు, దాని మనిషి కూడా ఆగిపోతాడు. కుక్కని పక్కన పెడితే మనుషుల్ని కాపాడొచ్చు అనుకున్న లెక్కే తప్పింది. అందుకే 2006 అక్టోబరులో అక్కడ చట్టం చేశారు. విపత్తుల ప్రణాళికల్లో పెంపుడు జంతువుల సంగతి కూడా ఉంటేనే రాష్ట్రాలకి కేంద్రం సాయం.

జపాన్‌లోనూ ఇంతే. 2011 మార్చిలో ఫుకుషిమా అణు కేంద్రం చుట్టూ 20 కిలోమీటర్ల మేర ఊళ్లు ఖాళీ చేయించారు. కొద్ది రోజుల్లో తిరిగొస్తాం కదా అని చాలామంది కుక్కల్ని ఇంట్లోనే వదిలి వెళ్లారు. తిరిగి రానివ్వలేదు. గొలుసుకి కట్టి ఉన్నవి ఆకలికి చచ్చిపోయాయి. 2013లో అక్కడి పర్యావరణ శాఖ, పెంపుడు జంతువుల్ని వెంట తీసుకునే బయల్దేరమని మార్గదర్శకాలు ఇచ్చింది. అలాగని శిబిరంలో అందరి పక్కనా కుక్కని పడుకోబెట్టమని కాదు. ఆయాసం ఉన్నవాళ్లుంటారు, భయపడే పిల్లలుంటారు. వాటికి వేరే చోటు చూపించాలి.

ధర్మరాజు కుక్క లేకుండా స్వర్గానికి రానన్న కథ మనందరికీ తెలుసు. కానీ ఆయన చంకలో చంటిపిల్ల లేదు, ఎక్కాల్సిన పడవలో చోటు సమస్యా లేదు. మనకి రెండూ ఉంటాయి. పడవలో ఒక్కరికే చోటుంటే పిల్లే ఎక్కాలి, అందులో నాకు అనుమానం లేదు. కుక్క గురించిన ప్రశ్న పడవ గుమ్మం ముందుకి వచ్చేదాకా ఆగకూడదు, అంతే. లండన్‌లోనూ న్యూ ఆర్లీన్స్‌లోనూ ఫుకుషిమాలోనూ అది చివరి నిమిషానికే వచ్చింది. అప్పుడడిగితే మంచి జవాబు ఉండదు.

అందుకే ఇప్పుడు మా బీరువాలో ఆధార్ కార్డులు, పట్టాదారు పుస్తకం ఉన్న సంచిలోనే బుజ్జి టీకాల పుస్తకం, దాని ఫోటో, ఇంకో గొలుసు పెట్టాను. తుపానొస్తే బుజ్జితో సహా వస్తామని చెల్లెలికి ముందే చెప్పి ఉంచాను. మా మరిది కొంచెం మొహం ముడిచాడనుకోండి, అయినా సరేనన్నాడు. ఏ దారీ లేని రోజంటూ వస్తే, కనీసం గొలుసు విప్పి వెళ్తాం. అది మా అత్తగారి మాట.

సంచి సర్దింది నేనే. కానీ మొన్న చూస్తే అందులో ఒక బిస్కెట్ ప్యాకెట్ కొత్తగా కనిపించింది. పెట్టింది మావారేనట!