గెడ్డకీ జనరేటరుకీ మధ్య గేరుబాక్సు

మాడుగుల కొండల్లో పుట్టిన మాచ్‌ఖండ్ నది ఒడిశా సరిహద్దున డుడుమ దగ్గర సుమారు 175 మీటర్ల లోతుకు దూకుతుంది. కింద సీలేరవుతుంది. ఆ దూకుడును నమ్ముకుని కట్టిన జలవిద్యుత్ కేంద్రం 1955లో కరెంటివ్వడం మొదలుపెట్టింది. అక్కడ టర్బైనుకీ జనరేటరుకీ మధ్య గేరుబాక్సు లేదు. రెండూ ఒకే ఇరుసు మీద తిరుగుతాయి. అరకు, పాడేరు వైపు చిన్న గెడ్డ మీద కరెంటు పుట్టించాలనుకునే పల్లెకు మాత్రం ఆ సౌకర్యం అన్నివేళలా దొరకదు.

మన కరెంటు సెకనుకు 50 ఆవర్తనాలు పూర్తిచేయాలి, అంటే 100 సార్లు దిశ మార్చాలి. నాలుగు పోల్స్ (అయస్కాంత ధ్రువాలు) ఉన్న జనరేటరైతే దానికి నిమిషానికి 1500 చుట్లు తిరగాలి. పన్నెండు పోల్స్ అయితే 500 చాలు. పెద్ద కేంద్రాలకు టర్బైను వేగానికి తగ్గ జనరేటరును ప్రత్యేకంగా తయారుచేయిస్తారు. పల్లె బజారులో కొనేది నాలుగు పోల్స్‌దే.

జనరేటరుకు గేర్లు తగిలించాలన్న ఆలోచనను బలంగా ముందుకు తెచ్చింది నీరు కాదు, ఆవిరి. 1880ల్లో స్వీడన్‌కు చెందిన గుస్టాఫ్ డి లావల్ చేసిన ఆవిరి టర్బైను నిమిషానికి 30,000 చుట్ల దాకా తిరిగేది. అప్పటి డైనమో దేనికీ ఆ వేగం తట్టుకునే శక్తి లేదు. అందుకని ఏటవాలు పళ్ల గేర్లతో ఆ వేగాన్ని పదోవంతుకు దించాడు. ఇంగ్లండులో చార్లెస్ పార్సన్స్ 1884లో ఎదురుదారి పట్టాడు: 18,000 చుట్లు తట్టుకునే డైనమోనే కట్టాడు. వేగం తగ్గించే పెట్టె ఆవిరితో కరెంటు చేసుకునే చక్కెర మిల్లుల్లో నేటికీ కనిపిస్తుంది.

గెడ్డ కథ తిరగబడుతుంది. అమెరికాలో లెస్టర్ పెల్టన్ 1880లో పేటెంటు పొందిన చక్రాన్నే తీసుకుందాం. నీరు 60 మీటర్ల ఎత్తునుంచి గొట్టంలో దిగితే నాజిల్ దగ్గర సెకనుకు 34 మీటర్ల వేగంతో బయటికొస్తుంది. చక్రం అంచు దానిలో దాదాపు సగం వేగంతో తిరిగితేనే పని బాగా జరుగుతుంది. 20 సెంటీమీటర్ల చక్రమైతే సుమారు 1500 చుట్లు. గేరు అక్కర్లేదు, రెండు ఇరుసుల్నీ కలిపే కప్లింగ్ వేస్తే సరి. అదే 20 మీటర్ల ఎత్తులో 30 సెంటీమీటర్ల చక్రం పెడితే 600 చుట్లే వస్తాయి. వేగాన్ని రెండున్నర రెట్లు పెంచాలి. ఇంత తక్కువ పెంపుకు వి-బెల్టూ పుల్లీలే చాలంటాను నేను. తెగితే సంతలోనే దొరుకుతుంది.

ఇంకా నిదానంగా తిరిగే చక్రాలకు పాత ఇనుప సామాన్ల దుకాణంలో వేగం తగ్గించే గేరుబాక్సు కొని, దాన్ని తలకిందులుగా వాడుకోవాలనిపిస్తుంది. హెలికల్ గేర్లున్నదైతే ఆ పని చేయొచ్చు. వార్మ్ గేరుబాక్సు మాత్రం వద్దు. అందులో మరలా ఉండే ఇరుసు పళ్ల చక్రాన్ని తిప్పుతుంది. నిష్పత్తి పెద్దదైతే చక్రం ఆ ఇరుసును తిప్పలేదు, బిగుసుకుపోతుంది. లిఫ్టుల్లో, హాయిస్టుల్లో మెచ్చుకునే గుణమే ఇక్కడ శత్రువు.

కప్లింగ్‌ను కిలోవాట్లు చూసి కొనడం పెద్ద పొరపాటు. 5 కిలోవాట్ల శక్తి 1500 చుట్ల వద్ద ఇరుసును 32 న్యూటన్ మీటర్ల బలంతో మెలితిప్పుతుంది. 600 చుట్ల వద్ద అదే శక్తికి 80 కావాలి. నిదానంగా తిరిగే వైపు కప్లింగ్ లావుగా ఉండాల్సింది అందుకే. నడుమ రబ్బరు స్పైడర్ ఉన్న జా కప్లింగ్ కొద్దిపాటి వంకర భరిస్తుంది, అదురు మింగుతుంది. అరిగితే ఆ రబ్బరు ముక్క మార్చుకుంటే చాలు. కానీ రెండు యంత్రాల్నీ ఒకే ఇనుప ఫ్రేము మీద బిగించకపోతే వానాకాలం నేల కుంగినప్పుడల్లా బేరింగులు పోతూనే ఉంటాయి.

గాలివానకు కొమ్మ తీగ మీద పడి లోడు ఒక్కసారిగా పోతే, పెల్టన్ చక్రం మామూలు వేగానికి 1.8 రెట్ల దాకా పరిగెత్తుతుంది. 1500తో తిరిగే జనరేటరు 2700 అందుకుంటుంది. కప్లింగ్, గేర్లు, జనరేటరు మూడూ ఆ వేగాన్ని తట్టుకునేవిగా ఉండాలి, పైన మూత తప్పనిసరి. మిగిలిన కరెంటును హీటర్లకు మళ్లించే లోడ్ కంట్రోలర్ ఉంటే చక్రం అంత దూరం పోదు.

వేసవిలో గెడ్డ సన్నబడినా గేరు నిష్పత్తి మార్చాల్సిన పనిలేదు. ఎత్తు అలాగే ఉంటుంది కాబట్టి నీటి దూకుడు వేగం దాదాపు మారదు. నాజిల్ సన్నం చేస్తే చాలు: కరెంటు తగ్గుతుంది గానీ చుట్లు తగ్గవు. కాబట్టి నిష్పత్తి నిర్ణయించే ముందు కొలవాల్సింది గెడ్డ వెడల్పు కాదు, గొట్టం పైకొసకీ కిందికొసకీ మధ్య నిట్టనిలువు దూరం.